ఏడు గంటల సైరను, ఆరో నంబరు మంచం

1967 జూలై 11, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. వాన రాత్రంతా కురిసి ఆ వేళకు జల్లుగా మిగిలింది. ఆకాశం సీసం రంగులో ఉంది. ఆసుపత్రి వరండాలో గోడగడియారం కింద ఎవరో బకెట్టు పెట్టారు. చూరు నీళ్ళు అందులో చుక్కచుక్కగా పడుతున్నాయి. ఆ గడియారం రెండు నిమిషాలు వెనక నడిచేది. నేను చెబుతున్నది నా చేతిగడియారం సమయం.

ఇంత కచ్చితం చాదస్తమని మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఉద్యోగమంతా మందుల గదిలో గడిపినవాడి నోటికి 'సుమారుగా' అనే మాట రాదు. సుమారుగా కొలిచిన మందు తాగి బతికినవారు ఉండవచ్చు గాని, కొలిచినవాడు నిద్రపోలేడు.

ఖరగ్‌పూర్‌లో నేను పనిచేసిన ఆసుపత్రి పేరుతోగాని, అక్కడివారి పేర్లతోగాని ఈ కథకు పని లేదు. అక్కడ మానసిక రోగులకు పన్నెండు మంచాల వార్డు ఒకటి ఉండేదని తెలిస్తే చాలు. ఇప్పుడు అలాంటి వార్డుల్లో కొత్తగా చేరుతున్న యువతీయువకుల కోసం ఇది రాస్తున్నాను. మీ చేతికి ఇప్పుడు మంచి మందులు వచ్చాయి. మందు మారినంత త్వరగా దాన్ని ఇచ్చే చెయ్యి మారదు.

డాక్టరు రోగి కాగితం మీద రోజూ ఇవ్వవలసిన మందులు రాసి, చివర ఒక ఇంజక్షన్ పేరు, దాని పక్కన 'ఎస్.ఓ.ఎస్.' అని రాసేవారు. అవసరమైతే ఇవ్వండి అని దాని అర్థం. ఎప్పుడు అవసరం, దేనికి అవసరం, ఇచ్చాక ఎవరు చూడాలి అన్నవేవీ ఆ మూడక్షరాల్లో ఉండవు. మా వార్డులో ఆ ఇంజక్షన్ పారాల్డిహైడ్ అనే మత్తుమందు. ఆ వాసన ఒకసారి ఎరిగినవాడు మరవడు. ముక్కుపుటాలు మండుతాయి. తీసుకున్నవాడి ఊపిరిలో మర్నాటిదాకా అదే వాసన. కండలోకి ఎక్కిస్తే ఆ నొప్పి వేరు. మనిషి మాత్రం పడుకుంటాడు. అందులో సందేహం లేదు.

ఆ వార్డుకు ఒక ఆచారం ఉండేది. రాత్రి డ్యూటీవాళ్ళు ఉదయం ఏడు గంటలకు పగటి డ్యూటీవాళ్ళకు వార్డును అప్పజెప్పాలి. రైల్వే ఊళ్ళో అప్పజెప్పడం చిన్న మాట కాదు. డ్రైవరు ఇంజను అప్పజెబితే ఆవిరి సరిగా ఉండాలి, ఇత్తడి మెరవాలి. మా వార్డు అటెండెంటు అన్నదమ్ములూ మేనమామలూ అందరూ రైలుపనివాళ్ళే. నిమ్‌పురా రైల్వే కాలనీ మనిషి, ఆరడుగుల పొడవు, తలుపంత వెడల్పు. ఆయన వార్డును ఇంజను లాగే అప్పజెప్పేవాడు. పన్నెండు మంచాల మీదా పన్నెండుమంది కదలకుండా ఉండాలి. ఆరున్నర దాటాక ఎవరు లేచి తిరిగినా, గొణిగినా, 'అవసరమైతే' అన్న అవసరం వచ్చినట్టే. "నా డూటీలో వార్డు సల్లగా అప్పజెప్పినాను. కావలిస్తే సూసుకోండి" అని ఆయన పగటివాళ్ళతో అనడం నేను స్వయంగా విన్నాను. అందులో దుర్మార్గం లేదు. పనితనం మీద అభిమానమే ఉంది.

ఆ సంవత్సరం మే నెలలో ఆ వార్డుకు కొత్త సిస్టర్ ఇన్‌చార్జిగా వచ్చింది. నలభై దాటిన బెంగాలీ మనిషి. సుభాష్‌పల్లి నుంచి రిక్షాలో వచ్చేది. అందరికీ ఆమె దీదీ. వార్డు ఆయాల దగ్గర తెలుగు నేర్చుకుంది గనుక ఆమెకు ఆ భాషలో మర్యాదలు తెలియవు. వాల్తేరు నుంచి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి తెలుగువాడని తెలిసి, సంతోషపెడదామని, "రారా బాబూ, కూకో, ఏటి తాగుతావు?" అన్నది. ఆయన నిజంగానే కూర్చున్నాడు. టీ తాగాడు. దస్త్రాలు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇక ఆరో నంబరు మంచం. ఆ మంచం మీద ఉన్నది రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల మీద పనిచేసే తెలుగాయన. ముప్పై ఎనిమిదేళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబం. జూన్‌లో నిద్ర పూర్తిగా పోయి, ఎవరూ అనని మాటలు చెవిలో వినబడి, ఆసుపత్రిలో చేరాడు. రోజూ ఇచ్చే మాత్రలు పనిచేశాయి. నెలాఖరుకు స్వయంగా గడ్డం గీసుకునేవాడు. క్యారమ్స్‌లో అటెండెంటును ఓడించేవాడు. కాని ఉదయం ఏడయ్యేసరికి మంచం దిగి తలుపుకేసి పరుగు. అడ్డం వచ్చినవాణ్ణి తోసేవాడు. వాళ్ళు పట్టుకునేవారు, అతడు పెనుగులాడేవాడు, సూది పడేది. మధ్యాహ్నం దాకా మత్తు. మత్తులో ఉదయపు మాత్ర తప్పేది, అన్నం తప్పేది. సాయంత్రానికి దిక్కుతోచక లేచి మళ్ళీ గొడవ. కొన్ని రోజులు రెండో సూది. జూలై ఒకటి నుంచి పది దాకా ఆ మంచానికి నేను ఇచ్చిన ఆంపూల్స్ పదమూడు.

జూలై 21, శుక్రవారం, అతడు మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. ఉద్యోగానికి పనికిరాడని బోర్డు రాస్తే జీతం పోతుంది. జీతంతోపాటు నిమ్‌పురాలో క్వార్టరు పోతుంది. భార్య, ముగ్గురు పిల్లలు ఆ క్వార్టరులోనే ఉన్నారు. ఆ ఇల్లాలు ప్రతి ఆదివారం చేపల పులుసు తెచ్చి, వెళ్ళేటప్పుడు నా కిటికీ దగ్గర ఆగి ఒకే ప్రశ్న అడిగేది: "బోర్డోళ్ళు ఏటంటారు బాబూ?" నాకు తెలియదు. తెలియదనే చెప్పేవాణ్ణి.

పదో తేదీన డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వయసులో చిన్నవాడు, రెండు వార్డులు, బయటి రోగులు కలిసి ఆయన నెత్తిన ఉండేవి. దీదీ ఆరో మంచం కాగితం చూపించి బెంగాలీలో అడిగింది.

"డాక్టర్‌బాబూ, అవసరమైతే అని రాశారు. అవసరం ఎవరికి? ఇతనికా, మాకా?"

డాక్టరు కలం ఆపాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన "నిజం చెప్పాలంటే, రాసేటప్పుడు ఆలోచించలేదు" అన్నాడు. ఆ మాట అనగలిగిన డాక్టర్లను నా ఉద్యోగంలో నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. పాతది కొట్టేసి, ఆమెను అడిగి అడిగి, కొత్తగా రాశాడు: రోగికే బాధగా ఉన్నప్పుడు, లేదా ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉన్నప్పుడు మాత్రమే, ముందు పక్కన కూర్చుని మాట్లాడి చూసిన తర్వాత, రోజుకు ఒక్కటే, ఇచ్చిన కారణం రాయాలి, గంట తర్వాత వెళ్ళి చూసి, ఎలా ఉన్నాడో అదీ రాయాలి.

"బోర్డు దాకా సూదులు లేకుండా నెగ్గుకొస్తే తేలికపనికి పనికొస్తాడని నేను రాయగలను," అన్నాడు వెళ్తూ. "కాని రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత మీది, సిస్టర్."

"నాదే," అన్నది. తర్వాత నా వైపు తిరిగి, "కంపౌండర్‌బాబూ, రేపు ఆరున్నరకు రా. నా తెలుగు తిట్టడానికి చాలుతుంది, అడగడానికి చాలదు."

అలా నేను పదకొండో తేదీ ఉదయం ఆరు నలభైకి ఆ వరండాలో ఉన్నాను. పది నిమిషాలు ఆలస్యం. వాన.

ఏడుకు పది నిమిషాలుండగా వర్క్‌షాపు మొదటి సైరను మోగింది. ఆరో మంచం ఆయన కళ్ళు తెరిచాడు. అటెండెంటు గాజు సిరంజి ఉన్న ట్రే వైపు చూశాడు.

"దీదీ, ఇప్పుడెయ్యకపోతే ఏడింటికి నాను వార్డు ఎలాగ అప్పజెప్పేది? డే డూటీవోడు తిడతాడు."

"తిట్టించుకో. ఇంత మనిషివి, ఒక తిట్టుకు చస్తావా?"

"తిట్టుకి సావను దీదీ. ఈడు గుద్దితే సస్తాను."

"అయితే నా వెనక నిలబడు," అన్నది ఐదడుగులు లేని ఆ మనిషి.

రెండో సైరను మోగింది. ఆరో మంచం ఆయన దిగాడు. దుప్పటి మడిచాడు. నడుము దగ్గర తడుముకున్నాడు, ఏదో ఉండవలసినది లేనట్టు. తలుపుకేసి ఉరికాడు. అలవాటుకొద్దీ అటెండెంటు అడ్డం వెళ్ళబోతే దీదీ అతని చొక్కా పట్టుకుని లాగింది. తలుపు గడియ వేసి ఉంది. ఆయన గడియ ముట్టుకోలేదు. తలుపు పక్క గోడను అరచేత్తో తడుముతున్నాడు, పైనుంచి కిందికి, మళ్ళీ పైకి.

"అడుగు," అన్నది దీదీ.

"ఏటి ఎతుకుతున్నావు బాబూ?" అన్నాను. వాళ్ళ మాట మా ఇంటి మాటే. మా నాన్నగారిదీ అటువైపు ఊరే.

"బోర్డేదండీ? టోకెన్ ఎయ్యాలి కదా. రెండో సైరను అయిపోనాది. గేటు మూసేత్తాడు. ఈ నెల్లో ఇప్పటికే రొండుసార్లు లేటయినాను. ఇంకోపాలి అయితే సగం పూట కోతండీ."

వర్క్‌షాపు తెలియనివారి కోసం ఒక్క మాట. అక్కడ ప్రతి పనివాడికీ తన నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్ ఉండేది. సైరను ఆగేలోపల గేటు దగ్గరి చెక్కబోర్డు మీద దాన్ని తగిలించాలి. తగిలించకపోతే మనిషి లోపల ఉన్నా లేనట్టే. ఆరో మంచం ఆయన పదిహేడేళ్ళుగా ఆదివారాలు తప్ప ప్రతి ఉదయం చేసిన పని అది.

ఖరగ్‌పూర్‌లో మేమంతా ఆ సైరనుతో లేచేవాళ్ళం, దానితో గడియారాలు దిద్దుకునేవాళ్ళం, పిల్లల్ని బడికి తరిమేవాళ్ళం. అటెండెంటు సొంత తమ్ముడు రోజూ అదే బోర్డు మీద టోకెన్ వేసేవాడు. అయినా ఏడు గంటల గొడవకూ ఏడు గంటల సైరనుకూ ఉన్న సంబంధం ఎవరికీ తట్టలేదు. సైరను మా చెవులకు వినబడడం ఎప్పుడో మానేసింది. ఆదివారాలు అతడు నెమ్మదిగా ఉంటాడని నా లెక్కల్లో ఉంది. చేపల పులుసు మహిమ అనుకున్నాం.

దీదీ నన్ను మందుల గదికి తరిమింది. బయటి రోగులకు వరస తప్పకుండా ఇచ్చే రేకు టోకెన్లు నా దగ్గర ఉండేవి. ఆరో నంబరు తెచ్చాను. అటెండెంటు తలుపు పక్క మేకు కొట్టాడు, "మందులు మానీసి మేకులు కొడతన్నామేటి దీదీ?" అని గొణుగుతూనే. ఆరో మంచం ఆయన రేకు టోకెన్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నా నంబరు కాదండి."

అతడు అన్నది నిజమే. నేను దీదీకి చెప్పాను. ఆమె అతనికి తన తెలుగులో జవాబిచ్చింది. "ఆసుపత్రిలో ఇదే నీ నంబరు. మంచం ఆరు, టోకెన్ ఆరు."

ఆయన ఆలోచించాడు. "టెంపరరీయా?"

"టెంపరరీ."

"అలాగయితే సరే." టోకెన్ మేకుకు తగిలించి, వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చుని, టీ ఎప్పుడిస్తారని అడిగాడు. సమయం ఏడు గంటల నాలుగు నిమిషాలు. పగటి డ్యూటీ అటెండెంటు లోపలికి వచ్చి, ఆరో మంచం వైపు చూసి, "ఇంకా పడుకోబెట్టనేదేటి?" అన్నాడు. మా ఆజానుబాహువు మేకుకు వేలాడుతున్న రేకు టోకెన్ వైపు వేలు చూపించాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రేకు టోకెన్ జబ్బు నయం చేసిందని ఎవరైనా చెబితే నమ్మకండి. నయం చేసింది రోజూ ఇచ్చిన మాత్ర. సూది మత్తులో ఆ మాత్ర తప్పిపోకుండా టోకెన్ అడ్డుపడింది, అంతే. ఆ అంతే అన్నది చూడగలగడమే దీదీ గొప్పతనం.

తర్వాతి రోజుల్లో ఆ మేకు పక్కన ఇంకో నాలుగు మేకులు వచ్చాయి. వడ్రంగిపని చేసే రెండో మంచం తాతకు టోకెన్ కావాలి. ఎన్నడూ వర్క్‌షాపు ముఖం చూడని, మలంచాలో కిరాణా కొట్టున్న తొమ్మిదో మంచం శెట్టిగారికీ కావాలి. అటెండెంటు టైమ్‌కీపరై కూర్చున్నాడు. "లేటు! సగం పూట కట్!" అని శెట్టిగారిని దబాయించి దీదీ చేత చీవాట్లు తిన్నాడు. ఆదివారం, పదహారో తేదీ, అలవాటుకొద్దీ ఏడింటికి తలుపు దగ్గర నిలబడి ఆరో మంచం వైపు చూశాడు. ఆయన కదలలేదు.

"ఏటి బావా, రావేటి?"

"ఇయ్యాల ఆదివారం గదా, గురూ. మతి పోనాదేటి నీకు?"

వార్డంతా నవ్వింది. మతి పోయినవాళ్ళ వార్డు అది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు అటెండెంటే.

అతని గురించి కూడా చెప్పాలి. కొత్త పద్ధతిలో కష్టమంతా ఆయన మీదే పడింది. ఎవరైనా లేచి తిరిగితే పట్టుకోవడం బదులు పక్కన కూర్చోవాలి, మాట్లాడాలి, మాట లేకపోతే ఊరికే కూర్చోవాలి. "మనిసిని పట్టుకోడం సులువండీ," అన్నాడు నాతో ఒకరోజు చెమట తుడుచుకుంటూ. "కూకోడమే కష్టం." అయినా కూర్చున్నాడు. వార్డు సద్దుమణిగి ఉండడమే గొప్పగా ఎంచిన మనిషి, ఏడు గంటలకు శెట్టిగారి గొణుగుడుతో సహా వార్డును అప్పజెప్పడానికి సిగ్గుపడడం మానేశాడు.

వారం గడిచింది. ఆరో మంచం లెక్క సున్నా. ఆ సున్నా నాకెంత ఇష్టమయిందో చెప్పలేను. అటెండెంటు రోజూ నా కిటికీ దగ్గర వేళ్ళు చూపించేవాడు: ఇంకా ఐదు, ఇంకా నాలుగు. ఆదివారం ఆ ఇల్లాలు తన ప్రశ్న అడిగినప్పుడు, మొదటిసారి, "ఇలాగే ఉంటే ఏమీ భయం లేదమ్మా" అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

జూలై 18, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు. వాన పెద్దదయింది. ముందురోజు నుంచే పగటి డ్యూటీకి మారిన అటెండెంటు తడుస్తూ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. రమ్మని చెయ్యి ఊపాడు. నేను వెళ్ళేసరికి ఆరో మంచం ఆయన మంచం కింద ఉన్నాడు. రెండు చెవులూ గోళ్ళతో గీరుకుంటున్నాడు. మెడ మీదికి రక్తం కారుతోంది. దీదీ నేల మీద, అతని పక్కనే, తెల్లచీర తడిలో పెట్టి కూర్చుని ఉంది. రెండున్నర నుంచి అలా కూర్చుందని తర్వాత తెలిసింది. సైరను లేదు, గొడవ లేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు ఎందుకలా అయిందో అడిగినవారందరినీ అడిగాను. కారణం దొరకలేదు. దొరకని కారణాన్ని నేను రాయను.

"ఓలమ్మా, ఆళ్ళు ఆపటం నేదమ్మా," అంటున్నాడు. "సూదెయ్యమ్మా. దీదీ, సూదెయ్యి."

ఇన్నాళ్ళూ పట్టుకుంటే గాని సూది పడని మనిషి తానే అడుగుతున్నాడు.

అటెండెంటు వంగి, బతిమాలాడు. "బావా, మూడు రోజులే. మూడే. శుక్రవారం దాకా ఓర్సుకో, బావా. నీ పిల్లలు గుర్తున్నారా?"

దీదీ నన్ను చూసింది. "ఆంపూల్."

నేను కదలలేదు. "దీదీ, శుక్రవారం బోర్డు."

"తెలుసు."

"సున్నా ఉంది."

"సున్నా ఎవరిది?" అన్నది. గొంతు పెంచలేదు. "నీదా, నాదా? రక్తం అతనిది. అవసరమైతే ఇవ్వాలని నేనే రాయించాను, కంపౌండర్‌బాబూ. ఇదే అవసరం. వద్దన్నప్పుడు పొడిచి, కావాలన్నప్పుడు దాచితే మనం మారిందేమిటి?"

తెచ్చాను. మూడు గంటల పన్నెండు నిమిషాలకు ఆమే స్వయంగా ఇచ్చింది. ఇస్తున్నంతసేపూ అతని చెయ్యి పట్టుకున్నవాడు అటెండెంటు. అదివరకు ఎన్నోసార్లు పట్టుకున్న చెయ్యే. ఈసారి అతడు కూడా ఇతని చెయ్యి పట్టుకున్నాడు. నాలుగుంపావుకు దీదీ వెళ్ళి చూసింది. ఆరున్నరకు అతడు లేచి అన్నం తిని, రాత్రి మాత్ర వేసుకున్నాడు. మర్నాడు ఏడింటికి టోకెన్ తగిలించాడు. అటెండెంటు మాత్రం ఆ రోజంతా నా కిటికీ దగ్గరికి రాలేదు. చూపించడానికి వేళ్ళు లేవు.

శుక్రవారం, ఇరవై ఒకటో తేదీ. వాన లేదు, ఉక్క. బోర్డులో ముగ్గురు. అధ్యక్షుడు పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని చదివేవాడు. వాడకం లెక్క అడుగుతారని నన్నూ, దీదీనీ బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు తెరిచే ఉంది. అటెండెంటు సెలవు పెట్టి వచ్చి, వరండా స్తంభం పక్కన ఆ ఇల్లాలికి తోడుగా నిలబడ్డాడు.

"పద్దెనిమిదిన ఇంజక్షన్ ఇచ్చారు," అన్నాడు పెద్దాయన. "మూడు రోజులయింది. ఇతణ్ణి పనికి పంపమంటారా?"

మా చిన్న డాక్టరు చెప్పవలసింది చెప్పాడు. పెద్దాయన దీదీని పిలిపించాడు.

"బోర్డుకు మూడు రోజుల ముందు ఎందుకిచ్చారు? ఆపుకోలేకపోయారా?"

"ఆపుకోగలిగేదాన్ని," అన్నది దీదీ. "ఎవరికీ తెలిసేది కాదు. అతనే అడిగాడు. నిజంగా అవసరమైంది. ఇచ్చాను. సాయంత్రం లేచి అన్నం తిన్నాడు. తనకు బాగాలేదని తెలిసి, నోరు విప్పి అడిగే మనిషి ప్రమాదం కాదు, బాబూ. అడగనివాడు ప్రమాదం."

పెద్దాయన ఆరో మంచం కాగితాలు మళ్ళీ మొదటినుంచి చదివాడు. తర్వాత కళ్ళజోడు కిందికి దించుకుని, మిగతా ఇద్దరితో అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. "ముప్పై ఏళ్ళుగా తనిఖీ రోజున సున్నాలు చూస్తున్నాను. మా కోసం వండి పెట్టిన సున్నాలు. ఇక్కడ సున్నా ఉంటే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు."

అతణ్ణి బాయిలర్ల నుంచి తప్పించి, టూల్‌రూములో తేలికపనికి యోగ్యుడని రాశారు. క్వార్టరు నిలిచింది. ఆ మాట విని స్తంభం పక్కన ఏడ్చినవాడు అటెండెంటు. ఆ ఇల్లాలే అతణ్ణి ఊరడించింది: "ఊరుకో అన్నియ్యా, ఊరుకో. ఇంత మనిసివి."

వార్డు విడిచేటప్పుడు అతడు రేకు టోకెన్ తెచ్చి నా కిటికీలో పెట్టాడు. "టెంపరరీది కదండి," అన్నాడు.

దీదీ ఆ వార్డులో మరి ఆరేళ్ళు ఉంది. అన్ని మంచాలకూ డాక్టర్లు అలాగే రాయవలసి వచ్చింది. రాయకపోతే ఆమె కాగితం తిప్పి పంపేది. నేను చాలామంది గొప్పవాళ్ళ చేతి కింద పనిచేశాను. లెక్క బాగుండడం కంటే లెక్క నిజంగా ఉండడం ముఖ్యమని, లెక్కలవాణ్ణయిన నాకు నేర్పింది లెక్కలు రాయని ఆమె ఒక్కతే.

బోర్డు దాకా పది రోజులని అందరూ అనేవారు. పదకొండు నుంచి ఇరవై ఒకటి దాకా, రెండు రోజులూ కలుపుకుంటే, పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో ఆరో నంబరు మంచానికి ఇచ్చిన ఇంజక్షన్లు మొత్తం ఒకటి.